షుగరున్న డ్రైవరు, తెలిసిన ఓనరు, వెయ్యి రూపాయల జరిమానా

ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. మా వైపు దాన్ని బ్రేక్ చేయించడం అంటాం. ఆ వారం ఓనరు హడావుడి చూడాలి. టైర్లు మార్పిస్తాడు, హెడ్‌లైట్లు సరిచేయిస్తాడు, వెనక రేడియం స్టిక్కర్లు అంటిస్తాడు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఏం వంక పెడతాడోనని టెన్షన్ పడతాడు. అదే లారీ నడిపే మనిషికి మాత్రం లైసెన్సు రెన్యువల్ నాడు డాక్టరు సంతకం ఉన్న ఒక కాగితం చాలు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణకు ముందు హెవీ లైసెన్సు మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి కాబట్టి ఆ కాగితమూ మూడేళ్లకోసారి అవసరమయ్యేది. ఇప్పుడు అయిదేళ్లకోసారి. మన చట్టం లెక్కలో బ్రేక్ డ్రమ్ము కన్నా మనిషి గుండె ఎక్కువ కాలం మన్నుతుందన్నమాట.

నేను నరసన్నపేట దగ్గర హైవే పక్కన ఒక లారీ బుకింగ్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. టెక్కలి గ్రానైట్ దిమ్మలు, పలాస జీడిపప్పు, మిల్లుల బియ్యం, పైడిభీమవరం మందుల కంపెనీలకి వెళ్లే డ్రమ్ములు, ఇలాంటి లోడ్లకి ఎల్‌ఆర్ (లారీ రసీదు) రాసేది మాలాంటి ఆఫీసులే. లోడు కోసం ఎదురుచూసే డ్రైవర్లు మా బల్ల మీదే కూర్చుంటారు. ఒకప్పుడు డీజిలు రేటు గురించీ కిరాయిల గురించీ మాట్లాడుకునేవారు. ఇప్పుడు ఎవరికి షుగరు ఎంతుంది, ఎవరు ఏ మాత్ర వేస్తున్నారు అన్నదే కబురు. ఎక్కడైనా మా బండి ప్రమాదంలో ఇరుక్కుంటే కాగితాల సంచి పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లేదీ నేనే. అందుకని ఈ వ్యవహారం రెండు కొసలూ నాకు కాస్త తెలుసు.

నా వాదన చిన్నదే. జబ్బు మనిషి లారీ నడిపి ఎవరినైనా చంపితే, ఆ జబ్బు సంగతి తెలిసి కూడా తాళాలిచ్చినవాడు డ్రైవరుతో సమానంగా జవాబు చెప్పాలి. తెలుసుకోగలిగి కూడా తెలుసుకోనివాడూ చెప్పాలి. చట్టంలో ఈ మాట అసలు లేదని కాదు. ఉంది, వెయ్యి రూపాయల ఖరీదుకి ఉంది.

ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. దాని పేరు ఫారం 1ఎ. రవాణా వాహనం నడపాలంటే రిజిస్టర్డ్ డాక్టరు దాన్ని నింపి సంతకం పెట్టాలి. పాతిక మీటర్ల దూరం నుంచి పట్టపగలు కారు నంబరు ప్లేటు చదవగలడా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తుందా, చెవులు వినిపిస్తాయా, చేతులూ కాళ్లూ సరిగ్గా ఉన్నాయా అన్న తరహా ప్రశ్నలు దాంట్లో ఉంటాయి. బ్లడ్ గ్రూపు రాయడానికి చోటుంది. ఆ రక్తంలో చక్కెర ఎంతుందో రాయడానికి గడి లేదు. డ్రైవరు స్వయంగా ఇచ్చే ప్రకటన ఫారం 1. మూర్ఛ గానీ, ఏ కారణంగానైనా హఠాత్తుగా స్పృహ తప్పడం గానీ, కళ్లు తిరగడం గానీ ఉందా అని దాంట్లో అడుగుతారు. ప్రశ్న మంచిదే. ‘ఉంది’ అని రాస్తే బతుకుతెరువు పోతుందని తెలిసిన మనిషిని అడుగుతున్నామన్నదే చిక్కు.

ఈ కాగితం ఎలా వస్తుందో హైవే మీద బతికేవాళ్లెవరికీ చెప్పనక్కర్లేదు. మా దగ్గరికొచ్చే ఒక డ్రైవరు రెన్యువల్‌కి ఏజెంటుకి ఫోటోలూ డబ్బులూ ఇచ్చాడు. సాయంత్రానికి సంతకం పడిన ఫారం చేతికొచ్చింది. డాక్టరు ఇతన్ని చూడలేదు, ఇతను డాక్టర్ని చూడలేదు. ‘మరి కళ్ల పరీక్ష?’ అంటే నవ్వాడు. ‘నా కళ్లు బాగోలేవని నాకు తెల్దేటి బాబూ? రాత్రిపూట ఎదురు లైటు పడితే రెండు బళ్లు కనబడతన్నాయి.’ శుక్లాలు ముదురుతున్నాయని అప్పటికే ఎవరో చెప్పారట. ఆపరేషన్ చేయించుకుంటే కొన్నాళ్లు ఇంట్లో కూర్చోవాలి. ఆ రోజులకి బత్తా ఎవరిస్తారు?

చట్టం అవసరమని చెప్పిన సర్టిఫికెట్ మీద అబద్ధమని తెలిసి సంతకం పెట్టడం నేరం. పాత శిక్షాస్మృతి ఐపీసీలో 197వ సెక్షను, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లో ఇప్పుడు 234. తప్పుడు సాక్ష్యం చెప్పినవాడికి పడే శిక్షే పడుతుంది. దొంగ సర్టిఫికెట్లు ఇచ్చే డాక్టరు పేరు రిజిస్టరు నుంచి కొట్టేయవచ్చని వైద్య మండలి నీతి నియమాల్లో కూడా ఉంది. నేను మోసిన ప్రమాద ఫైళ్లలో ఒక్కదాంట్లోనూ ఫారం 1ఎ మీద సంతకం పెట్టిన డాక్టర్ని సాక్షిగానైనా పిలిచినట్టు చూడలేదు. లైసెన్సు అసలా నకిలీయా అని ఆర్టీఓ ఆఫీసు నుంచి ధ్రువీకరణ తెప్పిస్తారు. అసలుదని తేలితే అక్కడితో ఆగిపోతారు.

చిన్న బళ్లది ఇంకో కథ. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు బరువుండే రవాణా వాహనాన్ని లైసెన్సు మీద ప్రత్యేక ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) లేకుండానే నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. బీమా కంపెనీలు చిన్న సాకుతో పరిహారం ఎగ్గొట్టకుండా ఆ తీర్పు అడ్డుకుంది, అంతవరకు నాకు సంతోషమే. కానీ ముప్పై లోపు తీసుకున్న ఆ లైసెన్సు నలభై ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒకసారి లైసెన్సు తీసుకుని, టాటా ఏస్ మీద నలభై దాకా చేపలో కూరగాయలో తోలుకోవచ్చు. ఈ మధ్యలో షుగరొచ్చినా ఫిట్స్ వచ్చినా అడిగే దిక్కు లేదు.

ఇక జబ్బులు. ఏ జబ్బు రోడ్డు మీద ఎలా మనిషిని పడేస్తుందో తెలియకపోతే ఎవరిది బాధ్యత అన్న చర్చే గాల్లో మాటలవుతుంది.

షుగరుతో మొదలుపెడతాను, ఎందుకంటే మా బల్ల మీద అదే ఎక్కువ. చాలామంది షుగరు పెరిగితేనే ప్రమాదమనుకుంటారు. స్టీరింగ్ ముందు అసలు భయం షుగరు పడిపోయినప్పుడు. షుగరు తగ్గించే గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకున్నవాడు, ఇన్సులిన్ తీసుకునేవాడు వేళకి తినాలి. లారీ డ్రైవరుకి వేళ ఎక్కడిది? ఉదయం మాత్ర మింగి బయల్దేరతాడు. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టులో ఆలస్యం, తర్వాత అన్‌లోడింగ్ దగ్గర వరస. మధ్యాహ్నం భోజనం నాలుగింటికి. ఈలోగా చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, చూపు మసకబారుతుంది, మాట తడబడుతుంది, మతి ఉండదు. తనకేదో అవుతోందని గ్రహించే తెలివి కూడా అదే మెదడులో ఉంటుంది కదా, చక్కెర పడిపోతే ముందు ఆ తెలివే పోతుంది.

మడపాం టోల్ దగ్గర జరిగింది ఒకటి చెప్తాను. మా ఆఫీసు బండి కాదు గానీ మనిషి తెలిసినవాడే. ముందున్న బళ్లు కదిలిపోయాయి, ఇతని లారీ కదల్లేదు. ఇంజిను ఆన్‌లోనే ఉంది. వెనకాళ్లు హారన్లు. టోల్ కుర్రాళ్లు వెళ్లి చూస్తే చొక్కా తడిసి ముద్దైపోయి, నోరు తిరక్క ఏదో గొణుగుతున్నాడు. తాగేశాడనుకుని తిట్టారు. వెనక బండిలోని పెద్దాయన ఒకాయన ఎక్కి, వాసన లేదని చూసి, కూల్‌డ్రింక్ తాగించాడు. కాసేపటికి మనిషయ్యాడు. తేరుకోగానే అతనన్న మొదటి మాట, ‘ఓనరుకి సెప్పకండి బాబూ.’ ఆ బండి అప్పటికే టోల్ లైనులో ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. పది నిమిషాల ముందో వెనకో అయితే హైవే మీద ఉండేది.

ఇంతకీ ఆ ఓనరుకి తెలీదా? తెలుసు. దసరా అడ్వాన్సు అడిగినప్పుడు మందుల ఖర్చు సంగతి ఆ డ్రైవరే చెప్పాడు, ఈయన విన్నాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ తెలియనట్టుండాలన్నదే ఒప్పందం.

కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ మా ఉద్దానం ప్రాంతం డ్రైవర్ల సంగతి వేరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కుర్రాళ్లు బోలెడుమంది లారీల మీద ఉన్నారు. అక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇదేనని ఎవరూ ఖాయంగా తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. డయాలసిస్ మీదున్నవారికి నెలకి 10,000 రూపాయల పింఛనూ వస్తోంది. నేను మాట్లాడేది ఆ మెట్టు ఎక్కకముందు సంవత్సరాల గురించి. కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్షలో క్రియాటినిన్ రెండో మూడో ఉన్నప్పుడు మనిషి బయటికి బాగానే కనిపిస్తాడు. రక్తం తగ్గిపోయి ఉంటుంది, బీపీ ఎక్కువుంటుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ మనిషే రాత్రంతా బండి నడపాలి. పైగా ఈ వృత్తిలో అలవాట్లన్నీ కిడ్నీకి పగవాళ్లే. బండి మాటిమాటికీ ఆపకూడదని నీళ్లు తాగరు. మే నెలలో ఇంజిను వేడి కేబిన్‌లోకే కొడుతుంది. (2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకి ఏసీ కేబిన్ తప్పనిసరి చేశారు, కానీ మా దగ్గరికొచ్చే పాత బళ్లలో అది ఎన్నేళ్లకి కనబడుతుందో.) నడుం నొప్పికి మందుల షాపులో అడిగి పెయిన్‌కిల్లర్ బిళ్లలు మింగుతారు. అసలే దెబ్బతిన్న కిడ్నీ మీద ఆ బిళ్ల ఇంకో దెబ్బ. ‘జొరానికి, నొప్పికి, నిద్దరకి ఒకటే కవరు గురువుగారూ’ అని ఒకతను మందుల పొట్లం చూపించాడు. దాంట్లో జలుబు మాత్ర కూడా ఉంది. అది వేస్తే మత్తొస్తుందని అతనికి తెలియదు.

గురక గురించి చెప్తే మా డ్రైవర్లు నవ్వుతారు. మెడ లావుగా ఉండి, గట్టిగా గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్లకి ఎన్ని గంటలు పడుకున్నా నిద్ర చాలదు. పగలు కూర్చున్నచోటే కళ్లు మూతలు పడతాయి. ఇది జబ్బే, దీనికి వైద్యం ఉంది. ఇంతకుముందైతే పక్కన లేపేవాడుండేవాడు. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనని 2018లో తీసేశారు. క్లీనరు ఎప్పుడో మాయమయ్యాడు. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు, అయిదు గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి అని మోటార్ రవాణా కార్మికుల చట్టంలో 1961లోనే రాసుకున్నాం. అయిదుగురు పనివాళ్లున్న సంస్థలకే అది వర్తించేది. మా చుట్టుపక్కల ఒకటీ రెండూ బళ్లున్న ఓనర్లే ఎక్కువ, వాళ్లకి ఆ చట్టం పేరు కూడా తెలియదు.

ఇప్పుడు ప్రమాదం జరిగిందనుకుందాం. ఎవరికి ఏమవుతుంది?

ఎఫ్‌ఐఆర్‌లో ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అన్న వాక్యం ఎప్పుడూ ఉండేదే. తాగాడా లేదా అని చూస్తారు. చక్కెర ఎంతుందో చూద్దామని ఎవరికీ తోచదు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. నిబంధనల ఉల్లంఘన వారీగా ఆ నివేదికలో ఇచ్చిన పట్టికలో అతివేగం, మద్యం మత్తు, రాంగ్ సైడ్, సిగ్నల్ దాటడం, సెల్‌ఫోన్, ఇతరములు అని ఉంటాయి. సింహభాగం అతివేగానిదే. జబ్బుకి ఆ పట్టికలో వేరే వరస లేదు. ఉంటే ‘ఇతరముల్లో’ ఉండాలి, లేదా అతివేగం కింద జమై ఉండాలి. స్పృహ తప్పినవాడి కాలు యాక్సిలరేటర్ మీదే ఉండిపోతే చూసేవాళ్లకి అది వేగంగానే కనిపిస్తుంది.

డ్రైవరు మీద బీఎన్‌ఎస్ 106(1) పెడతారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు అయిదేళ్ల దాకా జైలు. పాత 304ఎ కింద రెండేళ్లే ఉండేది. పారిపోతే పదేళ్లు అన్న రెండో ఉపవిభాగం మీద 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగడంతో, ఆ జూలై 1న కొత్త చట్టం వచ్చినప్పుడు ఆ ఒక్క ముక్కనీ అమల్లోకి తేలేదు. జబ్బు సంగతికి నేరుగా వర్తించేది మాత్రం మోటారు వాహనాల చట్టం 186. తన జబ్బువల్ల జనానికి ప్రమాదమని తెలిసి కూడా నడిపితే మొదటిసారి వెయ్యి, మళ్లీ చేస్తే రెండు వేలు. 2019కి ముందు రెండొందలు, అయిదొందలు ఉండేది. దాని దగ్గర్లోనే 188 ఉంది. అలా నడపడానికి ప్రోత్సహించినవాడికీ అదే శిక్ష. అంటే డ్రైవరు పరిస్థితి తెలిసి గ్రానైట్ దిమ్మ ఎక్కించి పంపిన ఓనరుకి చట్టం వేయగలిగింది వెయ్యి రూపాయలు. ఆ కాస్తా వేసినట్టు కూడా నేను వినలేదు. జబ్బు ఉందని నమ్మడానికి ఆధారముంటే లైసెన్సింగ్ అధికారి ఎప్పుడైనా మెడికల్ సర్టిఫికెట్ అడగవచ్చు, లైసెన్సు రద్దు చేయవచ్చు అని 16వ సెక్షను చెప్తుంది. ఆ ఆధారం ఆయన చేతికి ఎవరు అందించాలి?

పరిహారం సంగతి ఇంకా చిత్రం. బాధితులు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో ఎంవీఓపీ అనే పరిహారం పిటిషను వేస్తారు. డ్రైవరు తప్పుకి ఓనరు బాధ్యుడు, ఓనరు తరఫున బీమా కంపెనీ కడుతుంది. కంపెనీ తప్పించుకోవడానికి చట్టంలో ఉన్న దారులు కొన్నే. లైసెన్సు లేకపోవడం వాటిలో ముఖ్యమైనది. ఆ దారిని కూడా 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు బాగా ఇరుకు చేసింది. లైసెన్సులో లోపముంటే చాలదు, ఓనరు తెలిసి గానీ అజాగ్రత్తవల్ల గానీ ఆ డ్రైవరుకి బండి అప్పగించాడని కంపెనీ నిరూపించాలి. నిరూపించినా బాధితులకి ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి. లాయర్లు దీన్ని పే అండ్ రికవర్ అంటారు. బాధితుడి వైపు నుంచి చూస్తే ఇంతకన్నా న్యాయమైన పద్ధతి లేదు. అయితే జబ్బున్న డ్రైవరు దగ్గర చెల్లే లైసెన్సు ఉంటుంది, ఏజెంటు తెచ్చిన కాగితం పుణ్యమా అని. కాబట్టి కంపెనీ కడుతుంది, కేసు ముగుస్తుంది, ఓనరు జేబు తడుముకోనక్కర్లేదు. డ్రైవరు జైలు భయంతో కోర్టు చుట్టూ తిరుగుతాడు. అన్నీ తెలిసిన మనిషి ఇంకో డ్రైవర్ని వెతుక్కుంటాడు.

‘జబ్బు సంగతి ఎవరికీ తెలియకపోతే?’ అని అడగాలి. నిజంగా తెలియకపోతే శిక్షించకూడదనే నేనూ అంటాను. ఇంగ్లండులో 1997లో వీటాబిక్స్ కంపెనీ లారీ ఒక దుకాణంలోకి దూసుకెళ్లిన కేసులో ఇదే తేల్చారు. డ్రైవరుకి చక్కెర పడిపోయే జబ్బుంది, ఉన్నట్టు అతనికే తెలియదు, కాబట్టి నిర్లక్ష్యం లేదన్నారు. మన దగ్గర కూడా హఠాత్తుగా గుండెపోటొచ్చిందని వాదించే వీలుంది. ఆ వాదన నెగ్గితే బాధిత కుటుంబానికి మిగిలేది, ఎవరి తప్పూ రుజువు చేయనక్కర్లేని మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను కింద వచ్చే 5 లక్షలు. అందుకే ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు అన్న ప్రశ్నే ఇలాంటి కేసులకి ప్రాణం. మన ట్రిబ్యునళ్లలో ఆ ప్రశ్న అడిగేవాళ్లు కనబడరు.

స్కాట్లండులోని గ్లాస్గోలో 2014 డిసెంబరు 22న చెత్త లారీ డ్రైవరు స్టీరింగ్ మీదే స్పృహ తప్పాడు. లారీ క్రిస్మస్ బజారు చేస్తున్న జనం మీదికి పోయి ఆరుగురు చనిపోయారు. విచారణలో బయటపడిందేమిటంటే, 2010లో బస్సు డ్రైవరుగా ఉన్నప్పుడు, ఆగి ఉన్న బస్సు స్టీరింగ్ ముందు కూడా అతను స్పృహ తప్పాడు. ఆ సంగతి దాచి, డాక్టర్లకీ కొత్త ఉద్యోగం ఇచ్చినవాళ్లకీ వేరే కథలు చెప్పాడు. దాచకపోతే ఆ ప్రమాదం తప్పి ఉండేదని విచారణాధికారి రాశారు. అయినా ప్రాసిక్యూషన్ వాళ్లు అతని మీద కేసు పెట్టలేదు, దానిమీద చాలా గొడవైంది. నన్ను ఆపింది ఇంకో వివరం. అతను పని చేసిన బస్సు కంపెనీ ఇచ్చిన రిఫరెన్సులో ఆ సంఘటన లేకపోవడాన్ని కూడా విచారణ తప్పుపట్టింది. అబద్ధమాడిన డ్రైవరు ఒక్కడితో ఆగకుండా, తెలిసీ చెప్పని సంస్థ దాకా వెళ్లింది. మనం నేర్చుకోవలసిన భాగం అదే.

మన సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఇంకోలా ఆలోచించింది. పరమ్ పాల్ సింగ్ కేసు, 2012 డిసెంబరు. ఒక లారీ డ్రైవరు ఢిల్లీ నుంచి జార్ఖండ్‌లోని నిమియాఘాట్ దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిపాడు. ఒంట్లో నలతగా ఉంటే హోటలు దగ్గర బండి ఆపాడు, అక్కడే కుప్పకూలి చనిపోయాడు. అది గుండె జబ్బు, ఉద్యోగంతో సంబంధం లేదని బీమా కంపెనీ అంది. కోర్టు ఒప్పుకోలేదు. అంతదూరం నడపడంవల్ల కలిగే ఒత్తిడి ఆ మరణానికి కారణమని చెప్పి పరిహారం ఇప్పించింది. ఆ డ్రైవరు బండి ఆపకుండా ఇంకో కిలోమీటరు వెళ్లి, స్కూటరు మీద పోయే దంపతుల్ని గుద్ది ఉంటే? అప్పుడు ఒత్తిడి మాట ఎత్తేవాడుండడు. అదే గుండె, అదే దూరం, అదే ఓనరు. కాగితం మీద మాత్రం ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’.

ఇదంతా మా దగ్గరికొచ్చే ఒక ఓనరుతో అన్నాను. రెండు బళ్లు, రెండిటికీ ఫైనాన్సు కిస్తీలు. ఆయన కోపం న్యాయమైనదే. ‘నేనేటి డాక్టర్నా? లైసెన్సు ఇచ్చినోడు గవర్నమెంటు, సర్టిఫికెట్ ఇచ్చినోడు డాక్టరు, నన్నెందుకు పట్టుకుంటావు? సుగరున్నోళ్లందర్నీ దించేస్తే రేపు హైవే మీద బండి తిరగదు. అసలు డ్రైవర్లే దొరకట్లేదు.’ సాలూరు వైపు పాతకాలం ఓనర్లలో చాలామంది ఒకప్పుడు డ్రైవర్లే. ఒడిశా ఘాట్ రోడ్డులో జ్వరంతో నడిపి పైకొచ్చినవాళ్లు. వాళ్లకి ఈ మాటలు ఇంకా నచ్చవు.

జబ్బున్న ప్రతివాడూ అనర్హుడు అని నేను అనడం లేదు. వేళకి తిని, మీటరు పెట్టి చూసుకుని, నెలనెలా డాక్టర్ని కలిసే షుగరు మనిషి నాకన్నా బాగా నడపగలడు. అమెరికాలో ట్రక్కు డ్రైవరు మెడికల్ కార్డు గరిష్ఠంగా రెండేళ్లే చెల్లుతుంది. ఇన్సులిన్ వాడేవాళ్లని అక్కడ ఒకప్పుడు దాదాపు పూర్తిగా పక్కనపెట్టేవారు. 2018లో ఆ నిబంధన మార్చి, వైద్యం చేసే డాక్టరు ధ్రువీకరణ, కనీసం మూడు నెలల గ్లూకోజు రికార్డు చూపిస్తే ఏడాదికి కార్డు ఇస్తున్నారు. బయటికి చెప్పినవాడికి పని పోకుండా దారి చూపించారు. మన దగ్గర చెప్పినవాడికి దారి మూసేస్తాం, దాచినవాడికి తాళాలిస్తాం. డ్రైవరు శిక్ష అయిదేళ్ల నుంచి పదేళ్లకి పెంచినా అతను మరింత జాగ్రత్తగా దాస్తాడు తప్ప మానేయడు, ఎందుకంటే మానేస్తే కిస్తీ కట్టేదీ పిల్లల ఫీజు కట్టేదీ లేదు.

అందుకే లైసెన్సు విషయంలో కోర్టులు పట్టుకున్న పే అండ్ రికవర్‌ని జబ్బు విషయానికీ తేవాలంటాను. బాధితుడికి బీమా కంపెనీ మొత్తం ముందే కట్టేయాలి, దాంట్లో మార్పు వద్దు. ఆ తర్వాత, ఓనరుకి జబ్బు తెలుసనో, ఏడాదికోసారైనా పరీక్ష చేయించలేదనో తేలితే ఆ డబ్బులో కొంత భాగం ఆయన దగ్గర రాబట్టాలి. పరీక్ష చేయించి, వేళకి తిండీ విశ్రాంతీ ఇచ్చి, డాక్టరు వద్దన్న రోజుల్లో బత్తా ఇచ్చి కూర్చోబెట్టిన ఓనర్ని వదిలేయాలి. ఓనరు అడిగినప్పుడు అబద్ధం చెప్పిన డ్రైవరుంటే, అప్పుడు బాధ్యత డ్రైవరుదే, నేనూ ఒప్పుకుంటాను. చిన్న ఓనరు భరించలేడంటారా, ప్రీమియంలో ఏదో రాయితీ ఇవ్వనీయండి. ఎఫ్‌సీకి పెట్టే ఖర్చు ముందు ఒక రక్త పరీక్ష ఎంత?

మొన్న మా చుట్టుపక్కల ఓనర్ల మీటింగులో చిన్న ప్రతిపాదన పెట్టాను. ఆఫీసులో గ్లూకోజు మీటరు, బీపీ మిషను పెడదాం, లోడు ఎక్కేముందు ఇష్టమున్నవాళ్లు చూసుకుంటారు, అంకెలు ఒక పుస్తకంలో రాద్దాం. మీటరుకి అందరూ సరేనన్నారు. పుస్తకం మాత్రం వద్దన్నారు. ఒకాయన తేటగా చెప్పేశాడు. ‘రాసి పెడితే మాకు తెలిసినట్టు రుజువైపోద్ది కదా. రేపు లాయరు ఆ పుస్తకమే కోర్టులో పెడతాడు.’ ఇప్పటి చట్టం ప్రకారం ఆయన లెక్క సరైనదే. తెలుసుకున్నవాడికి చిక్కు, తెలుసుకోనివాడికి క్షేమం. పుస్తకం లేనివాడే జవాబు చెప్పుకోవలసిన రోజొస్తే అదే మనిషి ముందుగా వచ్చి పుస్తకం అడుగుతాడు.

ప్రస్తుతానికి మీటరు కొన్నాం. నలుగురైదుగురు డ్రైవర్లు అడిగి మరీ చూపించుకుంటున్నారు, అంకె చూసి మనసులో పెట్టుకుని బండెక్కుతున్నారు. స్ట్రిప్పుల ఖర్చు ఓనర్లదా డ్రైవర్లదా అన్నది వచ్చే మీటింగుకి వాయిదా పడింది.